మూడు మాత్రల ఊఁ

నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన మర్నాడు మా వీధివాళ్లు రెండు మిక్సీలు, ఒక టేబుల్ ఫ్యానూ తెచ్చి మా అరుగు మీద పెట్టి వెళ్లారు. తప్పు వాళ్లది కాదు. ‘మా త్రిమూర్తులు టెక్నీషియనయ్యాడు’ అని మా అమ్మ వీధంతా చెప్పుకొచ్చింది. దేనికి టెక్నీషియనో చెప్పడం ఆవిడ వల్ల కాలేదు. నా వల్లా కాలేదు. ఉత్తర్వులో ‘ప్రవర్తనారోగ్య సాంకేతిక సహాయకుడు’ అని ఉంది. అందులో ప్రవర్తన అన్న ముక్క పట్టుకుని మా మేనమామ, “అయితే మావాడిక్కూడా ఓ సత్ప్రవర్తన సర్టిఫికెట్టు రాసిచ్చెయ్‌రా, కాలేజీవోళ్లు ఇవ్వమంటన్నారు” అని అడిగాడు.

నిజానికి అది మంచి ఉద్యోగమే. మా జిల్లా మానసిక వైద్యశాలలో మాట్లాడాలనుకునేవాళ్లు వార్డుల నిండా ఉన్నారు, వినడానికి డాక్టర్లు ముగ్గురే. అందుకని రోగుల పక్కన కాసేపు కూర్చుని, తిన్నారో లేదో, నిద్రపోయారో లేదో కనుక్కుని, వాళ్ల మనసులో మాట వినిపెట్టే మనుషుల్ని తయారుచేయాలని పైన ఎవరికో బుద్ధి పుట్టింది. చాలా మంచి బుద్ధి. ఆ తరవాత దానికి విధివిధానాలు పుట్టాయి.

వాటికి కారణం మాకు ముందు బ్యాచిలో ఒకాయన. గుండెదడ, నిద్రలేమితో వచ్చిన ఒక కుర్రాడికి ఆయన మన దేశంలో అందరూ ఇచ్చే సలహాయే ఇచ్చాడు. పెళ్లి చేసుకో, అదే పోతుందన్నాడు. ఇంట్లోవాళ్లు చేసేశారు. కొన్నాళ్లకి కుర్రాడు పెళ్లాన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. ఇప్పుడు ఇద్దరికీ నిద్ర లేదు. పిల్ల తండ్రి పెట్టుకున్న అర్జీ పైదాకా వెళ్లి, ‘ఉచిత సలహా నిరోధక ఉత్తర్వు’గా కిందికి దిగింది. దాని ప్రకారం సహాయకుడు రోగికి సలహా ఇవ్వకూడదు. ఓదార్చకూడదు, ఎందుకంటే ఓదార్పు కూడా తడిసిన సలహాయేనట. ప్రశ్న వేయకూడదు, ప్రశ్నలో సలహా దాక్కుంటుందట. వినాలి. విన్నందుకు రుజువుగా ‘ఊఁ’ అనాలి. అంతకుమించి నోరు కదపకూడదు.

“శిక్షణార్థులారా,” అన్నారు మా డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు మొదటిరోజు. “ఊఁ అనునది కేవలం ధ్వని కాదు. అది ప్రభుత్వం పౌరునికి అందజేయుచున్న సేవ. సదరు సేవ రాష్ట్రమంతటా ఒకే నాణ్యతతో అందవలసి ఉన్నది. కావున మీ ఇంటిలో మీరు కొట్టే ఊ వేరు, ఇక్కడ అందజేయు ఊఁ వేరు అని గ్రహించవలెను.”

మేం గ్రహించాం. కాని నాణ్యత కొలవడం ఎలా? ఒకడు ముక్కుతో అంటాడు, ఒకడు గొంతులో అంటాడు, ఇంకొకడు అన్నాడో లేదో పక్కవాడికే తెలియదు. దానికి డైరెక్టరుగారు ఒక పరిష్కారం ఆలోచించి, ప్రాచ్య కళాశాలలో వ్యాకరణం చెప్పి రిటైరైన శొంఠి అవధానులు గారిని పిలిపించారు. ఆయన చిటికె వేసి చూపించారు. ఒక చిటిక కాలం ఒక మాత్ర. రోగి తిండి గురించో నిద్ర గురించో చెబితే ఒక మాత్ర ఊఁ. బంధువుల గురించి చెబితే రెండు మాత్రలు. కన్నీళ్లు పెట్టుకుంటే మూడు మాత్రల ప్లుతం. ఈ సంగతి ‘ప్రతి రోగికి మాటకు రెండు, ఏడుపుకు మూడు మాత్రలు విధిగా ఇవ్వవలెను’ అని సర్క్యులరుగా వెళ్లేసరికి, మందుల స్టోరు వాళ్లు ఒక లారీ బి-కాంప్లెక్సు దింపారు. రోగులు చాలా ఏళ్ల తరవాత అంత ఆరోగ్యంగా కనిపించారు.

నాకు మాత్రం మొదటి పాఠంలోనే కష్టం వచ్చింది. మాది కోనసీమ. పెద్దవాళ్లు ఏం చెప్పినా మా నోట ‘ఆయ్’ అనే వస్తుంది.

“అది కాదయ్యా,” అన్నారు అవధానులు గారు. “ఆయ్ అన్నది అంగీకారార్థకం. నీకు కావలసింది శ్రవణార్థకం. నువ్వు ఒప్పుకోనక్కర్లేదు, విన్నానని తెలియజేస్తే చాలు. బోధపడిందా?”

“ఆయ్,” అన్నాను.

నన్ను వారంపాటు విడిగా కూర్చోబెట్టి సాధన చేయించారు. మా బ్యాచిలో ఎస్తేరు అనే అమ్మాయి అందరికంటే ముందు. చర్చిలో పాటలు పాడిన గొంతు, మూడు మాత్రల ఊఁ అందంటే వినేవాడికి ఏడుపు లేకపోయినా వచ్చేది. పొద్దున్నే నలభైమందిమీ కలిసి సాధన చేస్తుంటే పక్క కాలనీవాళ్లు ఆస్పత్రిలో తేనెపట్టు రేగిందనుకుని ఫైరింజనుకి ఫోన్ చేశారు. వచ్చిన సిబ్బందిని డైరెక్టరుగారు వరసగా కూర్చోబెట్టి, ఒకపూట పరిచయ శిక్షణ ఇచ్చి, యోగ్యతాపత్రాలు పంచి పంపించారు.

తరవాత ప్రాక్టికల్స్ మొదలయ్యాయి. ఇక్కడ బుల్లెబ్బాయి గారి సంగతి చెప్పాలి.

ఆయన గోదావరి పాయ మీద పంటు నడిపినవాడు. మనుషుల్ని, మోటారు సైకిళ్లని, గేదెల్ని, పెళ్లివారిని ఒకే బల్లకట్టు మీద ఎక్కించుకుని అవతలి ఒడ్డుకి చేర్చేవాడు. అక్కడ వంతెన కట్టారు. పంటు ఆగిపోయింది, దాంతోపాటు ఆయన మాట కూడా ఆగిపోయింది. గోడవైపు తిరిగి పడుకుని తిండి మానేస్తే, ఆయన భార్య మంగాయమ్మ ఇక్కడికి తీసుకొచ్చింది. డాక్టర్లు మంచివాళ్లు, మందులు మంచివి, మనిషి గట్టివాడు. కొన్ని నెలల్లో మామూలైపోయాడు. ఇంటికి పంపవచ్చని డాక్టరు రాసేశాడు కూడా.

సరిగ్గా అప్పుడే మా శిక్షణ వచ్చిపడింది. మా సాధనకి ఒక రోగి కావాలి. ఆ రోగి ధారాళంగా మాట్లాడాలి, మధ్యలో లేచిపోకూడదు, కోప్పడకూడదు, ఎంతమంది ఎన్నిసార్లు ఊఁ అన్నా విసుక్కోకూడదు. అంటే పూర్తిగా నయమైపోయిన రోగి అయుండాలి. అలాంటివాడు ఆస్పత్రి మొత్తానికి ఒక్కడే. దాంతో బుల్లెబ్బాయి గారిని ‘శిక్షణార్థ శ్రవణ వనరు’గా ప్రకటించారు. రోగిని డిశ్చార్జి చేయడానికి నియమాలున్నాయి గాని, వనరుని డిశ్చార్జి చేయడానికి లేవు.

ఆయన ప్రతిరోజూ మా నలభైమందితో విడివిడిగా ఒకటే మాట చెప్పేవాడు.

“నాకేవీ లేదండి ఇప్పుడు. బాగా తింటన్నాను, బాగా తొంగుంటన్నాను. మా ఆడది ఒక్కత్తే వంతెన కాడ టీ కొట్టు పెట్టుకుని తంటాలు పడతంది. దానికి ఎడం కన్ను మసకేసిందండి. పాలు పొంగిపోయేది కూడా కనపట్టం లేదంట. నేనెల్లి గిన్నె పట్టుకుంటే చాలండి.”

“ఊఁ,” అనేవాళ్లం. బంధువుల ప్రస్తావన గనక రెండు మాత్రలు.

ఒకరోజు ఆయన ఎస్తేరుని నేరుగా అడిగాడు. “అయితే ఇంటికెల్లిపోమంటారా తల్లీ?” ఎస్తేరు నియమం తప్పే పిల్ల కాదు, శ్రావ్యంగా “ఊఁ” అంది. ఆయన లేచి, తువ్వాలు దులుపుకుని, పక్కమంచాల వాళ్లందరికీ దండం పెట్టి బయల్దేరాడు. గేటు దగ్గర నలుగురు పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. ఆ సాయంత్రం ఆయన అన్నం ముట్టలేదు. మళ్లీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు భయం వేసింది. నయమైన మనిషిని మేమే మళ్లీ రోగిని చేస్తున్నామేమోననిపించింది. ఆ మాట పైకి అనకూడదు, సలహా కిందికి వస్తుంది.

విచారణ జరిగి, డైరెక్టరుగారు వివరణ జారీ చేశారు. ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, శిక్షణార్థులు పలుకు ఊఁ శ్రవణార్థకమే గాని అంగీకారార్థకము కాదు. అయితే అధికారులు పలుకు ఊఁ యథాపూర్వము అంగీకారముగనే పరిగణింపబడును.’ రెండో వాక్యం తప్పనిసరి. మా ఆఫీసులో ఫైళ్లన్నీ ఊఁ మీదే నడుస్తాయి. హెడ్‌గుమాస్తా సోమలింగం గారు తలుపు దగ్గర నిలబడి “పంపమంటారా సార్” అంటారు, డైరెక్టరుగారు పేపరులోంచి తలెత్తకుండా “ఊఁ” అంటారు, ముద్ర పడుతుంది. ఆ ఊఁ కూడా వినడానికే అంటే ఆస్పత్రికి బియ్యం కూడా రావు.

ఇలా ఉండగా మా ఊఁ ఖ్యాతి రాజధానికి పాకింది. కమిషనరు గారికి అది తెగ నచ్చింది. పరీక్షల వారాన్ని ‘సార్వత్రిక శ్రవణ వారోత్సవం’గా ప్రకటించారు. ఆ వారమంతా ఆస్పత్రి ఆవరణలో రోగి పలకరించిన ప్రతివారూ, హోదాతో నిమిత్తం లేకుండా, ఊఁ తప్ప మరో మాట అనరాదు. ఊఁహూఁ కూడా అనరాదు, అందులో అభిప్రాయం ధ్వనిస్తుంది. ఊఁ సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి ఊకారమాపకం అనే పెట్టె తెప్పించారు. సరిగా అంటే పచ్చ దీపం, తప్పితే ఎర్ర దీపం. వంటవాడితో ఒక రోగి ఉప్పు తక్కువైందన్నాడు. ఊఁ. పచ్చ దీపం. మర్నాడూ ఉప్పు తక్కువే. ఊఁ. పచ్చ దీపం. ఫిర్యాదుల పరిష్కారంలో మా వైద్యశాల జిల్లాలో మొదటిస్థానంలో నిలిచింది.

డైరెక్టరుగారి వివరణా, ఈ వారోత్సవం ఉత్తర్వూ నోటీసుబోర్డు మీద పక్కపక్కనే అంటించి ఉన్నాయి. నేను టీ తాగుతూ ఒకటి చదివాను, ఇంకొకటి చదివాను, టీ గ్లాసు కింద పెట్టి రెండూ మళ్లీ చదివాను. వారోత్సవంలో రోగి అడిగితే అధికారి ఊఁ అని తీరాలి. అధికారి ఊఁ అంటే అంగీకారమే. రాసినవాళ్లు రెండూ కలిపి చదవలేదు. ఈ ముక్క బుల్లెబ్బాయి గారికి చెప్పేవాళ్లు కావాలి. చెబితే అది సలహా. నా ఉద్యోగం పోతుంది. మా అమ్మ అప్పటికే వీధివాళ్ల మిక్సీలని, తీరిక దొరకగానే మావాడు చూస్తాడని ఇంట్లో సర్ది పెట్టేసింది.

వారోత్సవం ఆఖరిరోజున పరీక్ష. వేదిక మీద కమిషనరు గారు, డైరెక్టరుగారు, అవధానులు గారు. వెనకాల ఫైలుతో, స్టాంపుప్యాడుతో సోమలింగం గారు. హాలు నిండా రోగులు. మధ్యలో రెండు కుర్చీలు, ఒక దాంట్లో బుల్లెబ్బాయి గారు, రెండో దాంట్లో మాలో వంతు వచ్చినవాళ్లు. ఎస్తేరు వెళ్లి నూటికి నూరు తెచ్చుకుంది. నా పేరు పిలిచారు.

బుల్లెబ్బాయి గారు నాకేసి చూశాడు. ఆ వారంలో మనిషి చిక్కిపోయాడు.

“నిన్న మంగాయమ్మ వచ్చిందండి,” అన్నాడు.

“ఊఁ.” పచ్చ దీపం.

“చెయ్యి కాల్చుకుందండి. ఇక్కణ్నించి ఇక్కడిదాకా బొబ్బలు. నేనడిగితే చీర కొంగు కప్పేసుకుంది.”

“ఊఁ.” పచ్చ దీపం. రెండు మాత్రలు, కొలిచినట్టు వచ్చింది. అవధానులు గారు సంతోషంగా తల ఊపారు.

“నన్నెప్పుడు పంపుతారు బాబూ,” అన్నాడాయన. అంటూ ఏడ్చేశాడు.

మూడు మాత్రల ఊఁ అనాలి. అంటే పాసు. గొంతు సవరించుకున్నాను. సవరించుకున్న గొంతులోంచి వేరే మాట వచ్చింది.

“బాబాయ్, నన్నడిగితే ఏం లాభం. డైరెక్టరుగారినడుగు. ఇప్పుడే అడుగు, వారోత్సవం ఇయ్యాలతో అయిపోతంది.”

ఎర్ర దీపం వెలిగింది. పెట్టె కూత కూడా పెట్టింది. ఉచిత సలహా, పైగా కమిషనరు గారి సమక్షంలో. డైరెక్టరుగారి మొహం చూస్తే నన్ను అక్కడికక్కడే వార్డులో చేర్చుకునేలా ఉన్నారు.

బుల్లెబ్బాయి గారు మాత్రం ఆలస్యం చేయలేదు. ఏటి మీద గాలి మారితే క్షణంలో గెడ తిప్పిన మనిషి. లేచి వేదిక దగ్గరికి నడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“డైరెట్రుగారండీ, నన్నింటికి పంపేత్తన్నారా అండి?”

కమిషనరు గారు ఊకారమాపకాన్ని ముచ్చటగా డైరెక్టరుగారి ముందుకు జరిపారు. డైరెక్టరుగారి నోరు తెరుచుకుంది. వివరణ ఇవ్వడం నిషిద్ధం. ఊఁహూఁ నిషిద్ధం. ఊరుకుంటే విననట్టు.

“ఊఁ,” అన్నారు.

పచ్చ దీపం. వెనకాల ఫైల్లో, డాక్టరు ఎప్పుడో రాసిపెట్టిన డిశ్చార్జి కాగితం మీద టప్పుమని ముద్ర పడింది. పాపం సోమలింగం గారిని అనడానికి లేదు, సర్వీసంతా ఆ ధ్వని వినగానే ఆయన చెయ్యి దానంతటదే లేచేది.

“అద్భుతం,” అన్నారు కమిషనరు గారు. “ఉన్నతాధికారి నుంచి ఇంత నిష్కపటమైన ఊఁ నేనింతవరకు విని ఉండలేదు. మరికొందరు రోగులు ముందుకు వచ్చి ఈ సేవను వినియోగించుకోవలసిందిగా కోరుతున్నాను.”

రోగులు వినియోగించుకున్నారు. మొదటాయన ఆదివారం కోడికూర పెడతారా అన్నాడు. ఊఁ, టప్పు. రెండోఆవిడ ఆడవాళ్ల వార్డులో టీవీ రిమోటు మా చేతికే ఇచ్చేస్తారా అంది. ఊఁ, టప్పు. పెళ్లి సలహాతో ఇద్దరికీ నిద్ర కరువైన ఆ జంట, వార్డులో గురకపెట్టే వాచర్‌ని బదిలీ చేస్తారా అని అడిగారు. ఊఁ, టప్పు. అన్నీ న్యాయమైన కోరికలే. ఒక పెద్దాయన మాత్రం డైరెక్టరుగారి కుర్చీ చాలా మెత్తగా ఉన్నట్టుందనీ, కాసేపు కూర్చోవచ్చా అనీ అడిగాడు. ఊఁ. ముద్ర వేయాలో అక్కర్లేదో సోమలింగం గారికి తోచక, కుర్చీకే వేశారు. పరీక్ష ముగిసేదాకా డైరెక్టరుగారు నిలబడే ఉన్నారు.

బుల్లెబ్బాయి గారు ఆ సందడి చూడటానికి ఆగలేదు. డిశ్చార్జి కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా దగ్గరికొచ్చి, నా తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు. అంత ఆనందంగా నేనెప్పుడూ ఫెయిలవలేదు.

నన్ను సహాయకుడిగా తొలగించారు. అయితే ఇప్పుడు వనరు లేకుండా పోయింది, కొత్త బ్యాచి వచ్చే వారమే. డైరెక్టరుగారు నన్ను పిలిపించారు.

“అడగకుండగనే మాట్లాడు స్వభావం, ఊఁకి లొంగని వాగ్ధాటి, సంపూర్ణ ఆరోగ్యం. ఈ మూడూ నీయందు రుజువైనవి. కావున నిన్ను శ్రవణ వనరుగా నియమించుచున్నాము. పర్మనెంటు.”

పర్మనెంటన్న మాట విని మా అమ్మ వీధంతా పూతరేకులు పంచింది. ఒక్కటే చిన్న సాంకేతిక సమస్య. వనరుకి భోజనం పెట్టాలంటే ఇన్‌పేషెంట్లలో పేరుండాలి. పేరు రాశారు. పేరున్నవాడికి మంచం ఉండాలి. ఇచ్చారు. మంచమున్నవాడు గేటు దాటకూడదు.

రోజుకి నలభైమందికి నా సంగతులు చెప్పేవాణ్ని. మొదట్లో సరదాగానే ఉండేది. నేను బియస్సీ తప్పడం దగ్గర్నుంచి, మా నాన్న పడవలో చేసిన చేపల పులుసు దాకా చెప్పాను. ఊఁ. ఒకరోజు నాకు ఇక్కడ ఏమీ బాగాలేదని చెప్పాను. ఊఁ. భయమేస్తోందని చెప్పాను. మూడు మాత్రల ఊఁ, చక్కటి ఊఁ. ఆ తరవాత చెప్పడానికి ఏమీ తోచలేదు. గోడవైపు తిరిగి పడుకుంటే కాస్త హాయిగా ఉన్నట్టనిపించేది. నేనెవరికీ అక్కర్లేదని నిజంగానే అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

ఒక మధ్యాహ్నం బుల్లెబ్బాయి గారు, మంగాయమ్మ ఫ్లాస్కుతో టీ తీసుకుని నన్ను చూడటానికి వచ్చారు. ఆవిడ కంటికి ఆపరేషన్ అయి నల్లద్దాలు పెట్టుకుంది. నా ఎదురుగా ఒక శిక్షణార్థి కూర్చుని ఉన్నాడు. వాణ్ని పక్కకి జరగమని బుల్లెబ్బాయి గారు మంచం మీద కూర్చున్నాడు.

“ఏరా, ఎలాగున్నావు?”

చెప్పాను. చాలాసేపు చెప్పాను. ఆయన ఒక్కసారి కూడా ఊఁ అనలేదు. మధ్యలో, “అదేంట్రా, మరి ఆల్లకి చెప్పలేదా” అన్నాడు. ఇంకోసారి, “నోర్ముయ్, నువ్వు పనికిరానోడివేంటి” అన్నాడు. మంగాయమ్మ, “చిక్కి సగమైపోయాడు, చూడు” అని టీ పోసింది. అందులో సలహా ఉంది, ఓదార్పు ఉంది, ప్రశ్నలు ఉన్నాయి. ఉత్తర్వులో నిషేధించినవన్నీ ఉన్నాయి. నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

“లే,” అన్నాడు బుల్లెబ్బాయి గారు. “చెప్పులేసుకో. ఇంటికి పోదాం.”

“ఉత్తర్వులు కావాలి బాబాయ్.”

“చెప్పులేసుకోరా ముందు.”

వేసుకున్నాను. ఒకపక్క ఆయన, ఒకపక్క మంగాయమ్మ, మధ్యలో నేను నడుస్తుంటే వరండాలో ఎదురైన డైరెక్టరుగారు నోరు తెరవబోయి, ఏ ధ్వని బయటికి వస్తుందోనని భయపడి గట్టిగా మూసుకున్నారు. వారోత్సవం నాటినుంచి పొరపాటున ఊఁ జారకుండా ఆయన అదే జాగ్రత్తలో ఉన్నారట, ముద్ర పడక ఫైళ్లు పైకప్పుకి తగులుతున్నాయట.

గేటు దగ్గర వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు.

“ఇతను పేషెంటండి. వదలమని ఎవరు చెప్పారు?”

“నేను చెప్పాను,” అన్నాడు బుల్లెబ్బాయి గారు.

వాచ్‌మన్ ఆయన మొహంలోకి చూశాడు. అక్కడ పనిచేసినన్నాళ్లూ ఆ మాట ఒక మనిషి నోట వినలేదు కాబోలు, ఇంకెవరో పెద్ద అధికారి అనుకుని, కర్ర తీసేసి, సెల్యూట్ కొట్టి, రెండు తలుపులూ బార్లా తెరిచాడు.